పోర్ట్స్‌మత్‌లో బాణం గుర్తు హద్దురాళ్ళు: వెతకడం, చదవడం, రాసిపెట్టుకోవడం ఎలా

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌కి చదువుకోడానికి వచ్చిన మన పిల్లల్లో చాలామందికి గది, యూనివర్సిటీ, పార్ట్ టైం పని చేసే చోటు, ఈ మూడే ఊరు. మొదటి ఏడాది నాదీ అదే కథ. సామాన్లు మోసుకొచ్చే దారిలో ఒక గోడ మొదట్లో మోకాలెత్తు రాయి ఉండేది, దాని మీద సంచి పెట్టి చెయ్యి మార్చుకునేవాణ్ణి, అంతవరకే దానితో నా పని. ఒక జనవరి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి రాయి మీది గీతలు తేలాయి. ఇటు డబ్ల్యూ, అటు డి, మధ్యలో పైకి చూసే బాణం, కింద ఒక నంబరు. పొలం గట్టు మీద సర్వే రాయి చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఒకటి మాత్రం వెంటనే తట్టింది: నంబరు ఉందంటే దీనికి ముందు ఒకటి, తర్వాత ఒకటి ఉండి తీరాలి.

అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. పైసా ఖర్చు లేని పని, ఆదివారం గదిలో పడుకుని ఫోన్ గీకడం కంటే నయం. ఎలా మొదలుపెట్టాలో, నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఎలా ఉండాలో చెప్తాను.

ముందు రాయి భాష నేర్చుకోండి

ఆ బాణాన్ని ఇక్కడ బ్రాడ్ యారో అంటారు. మూడు గీతలు పైన ఒకచోట కలుస్తాయి, మన నిలువు నామాన్ని తలకిందులు చేసినట్టు. ప్రభుత్వ ఆస్తి అని చెప్పే గుర్తు అది, ఫిరంగుల మీద, తుపాకుల మీద, ఒకప్పుడు ఖైదీల బట్టల మీద కూడా ఉండేది. హద్దురాయి మీద ఉంటే ఈ గీత దాటితే భూమి మిలిటరీది అని అర్థం. భూమికి నామం పెట్టారు అనే జోకు మీరు కూడా వేసుకోవచ్చు, నేను ఇప్పటికి చాలాసార్లు వేశాను.

బాణం పక్కన ఉన్న అక్షరాలు రాయి వయసు చెప్తాయి. బి, ఓ ఉంటే అది బోర్డ్ ఆఫ్ ఆర్డినెన్స్ రాయి. కోటలు, ఫిరంగులు, మందుగుండు అన్నీ చూసుకున్న పాత శాఖ అది, క్రిమియా యుద్ధంలో నిర్వాకం బయటపడ్డాక 1855లో ఎత్తేశారు. కాబట్టి బి, ఓ కనిపిస్తే అది 1855కి ముందుదే అని ధైర్యంగా అనుకోవచ్చు. డబ్ల్యూ, డి అంటే వార్ డిపార్ట్‌మెంట్, ఆ తర్వాత వచ్చింది, ఎక్కువగా దొరికేవి ఇవే. లంగరు బొమ్మ చెక్కి ఉంటే నేవీది, అంటే అడ్మిరల్టీ వాళ్ళ భూమి. ఎ, ఎం అని ఉంటే ఎయిర్ మినిస్ట్రీ. ఈ శాఖలన్నీ 1964లో కలిసిపోయి ఇప్పటి రక్షణ మంత్రిత్వ శాఖ అయ్యాయి, అంటే మీ ముందున్న డబ్ల్యూ డి రాయి ఎంత కొత్తదైనా మీ నాన్నగారి వయసుకి తక్కువ ఉండకపోవచ్చు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది, కొత్తవాళ్ళందరూ పడేది ఇందులోనే. చర్చి గోడల మీద, వంతెనల మీద, పాత ఇళ్ళ మూలల్లో ఇలాంటి బాణమే కనిపిస్తుంది, కానీ దాని ముక్కు పైన ఒక అడ్డగీత ఉంటుంది. అది హద్దు కాదు, ఎత్తు కొలిచిన గుర్తు, బెంచ్ మార్క్. ఈ దేశం మ్యాపులు గీసే ఆర్డినెన్స్ సర్వే వాళ్ళు చెక్కినది. గుర్తు ఒకటే ఎందుకంటే ఇల్లు ఒకటే: 1791లో మొదలైన ఆ సర్వే కూడా బోర్డ్ ఆఫ్ ఆర్డినెన్స్ పిల్లే, పేరులోనే ఉంది. అడ్డగీత ఉంటే ఎత్తు, అక్షరాలూ నంబరూ ఉంటే హద్దు, ఇంత గుర్తు పెట్టుకోండి చాలు.

బాణం లేకుండా ఉత్త అక్షరాలే ఉంటే చాలావరకు అది చర్చి పరిధి రాయో, మున్సిపాలిటీ పొలిమేర రాయో. పసుపు పలక మీద హెచ్ ఉంటే ఫైర్ హైడ్రంట్. నేను నా రెండో ‘ఆవిష్కరణ’ని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి, కొలతలు వేసి, ఫ్రెండ్స్ గ్రూపులో గొప్పగా పెట్టాక తేలిందేమిటంటే అది టెలిఫోన్ కేబుల్ ఎక్కడ పోతోందో చెప్పే కాంక్రీట్ దిమ్మ. ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి పిలిచినా ఆ దిమ్మ ఊసు ఎత్తకుండా పప్పు వడ్డించరు.

ఖాళీ స్థలాన్ని అనుమానించండి

రాళ్ళు ఎక్కడ వెతకాలో తెలియాలంటే మిలిటరీకి భూమి ఎందుకు కావాల్సి వచ్చిందో తెలియాలి, ఇది కాస్త ఓపిగ్గా చదవండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పోర్ట్స్‌మత్ అంటే డాక్‌యార్డ్, యుద్ధనౌకలు కట్టి బాగుచేసే చోటు. 1495లో ఏడో హెన్రీ ఇక్కడ డ్రై డాక్ కట్టించిన దగ్గర్నుంచి ఊరంతా దాన్ని కాపాడ్డానికే ఉన్నట్టు పెరిగింది. ఊరు ఉన్నది ఒక ద్వీపం మీద, పోర్ట్‌సీ ద్వీపం. దక్షిణాన సముద్రం వైపు సౌత్‌సీ కాజిల్, 1544 నాటిది. ద్వీపం ఉత్తరపు అంచున హిల్సీ లైన్స్ అనే మట్టి కట్టలు, కందకం. నౌకాశ్రయానికి అవతలి ఒడ్డున గోస్‌పోర్ట్, దాని చుట్టూ ఇంకో వరస కోటలు. వీటన్నిటి వెనకాల ఉత్తరాన సుద్దకొండ, పోర్ట్స్‌డౌన్ హిల్.

ఫ్రాన్స్ ‘గ్లోర్’ అనే ఇనుప కవచం ఓడని కట్టడం మొదలుపెట్టేసరికి లండన్‌లో కంగారు మొదలైంది. 1859లో రాయల్ కమిషన్ వేశారు, 1860లో రిపోర్ట్ వచ్చింది. ఫిరంగుల గొట్టాల్లో లోపల మెలిక గాట్లు పెట్టడం వచ్చాక గుండు ఎంతో దూరం పోతోంది, శత్రువు ఎక్కడో దిగి వెనక నుంచి వచ్చి ఆ కొండ ఎక్కితే డాక్‌యార్డ్‌ని అక్కణ్ణుంచే కొట్టేయొచ్చు, ఇదీ వాళ్ళ భయం. దాంతో కొండ మీద వరసగా వాలింగ్టన్, నెల్సన్, సౌత్‌విక్, విడ్లీ, పర్‌బ్రూక్ కోటలు లేచాయి, ఫిరంగులన్నీ సముద్రం వైపు కాకుండా ఊరి బయటకి, ఉత్తరం వైపు చూస్తూ. ఫ్రెంచి వాళ్ళు రానే లేదు. ప్రధాని పామర్‌స్టన్ పేరు పెట్టి వీటిని పామర్‌స్టన్ పిచ్చి కట్టడాలని వెక్కిరించారు జనం. నన్నడిగితే ఆ వెక్కిరింపు కొంచెం అన్యాయం, గొడుగు తీసుకెళ్ళిన రోజు వాన పడలేదని గొడుగుని తిడతామా.

ఇప్పుడు అసలు విషయం. కోట కడితే సరిపోదు, దాని ముందు చెట్టూ పుట్టా, ఇల్లూ గోడా ఉండకూడదు, ఉంటే శత్రువు వాటి చాటున వస్తాడు. 1860 నాటి డిఫెన్స్ యాక్ట్ కోటలకి కావాల్సిన భూమి కొనుక్కోడానికే కాకుండా, చుట్టుపక్కల భూమిలో ఇళ్ళు కట్టనివ్వకుండా ఆపడానికి కూడా దారి చూపించింది. అంటే కోట గోడ ఒక చోట, మిలిటరీ హద్దు ఇంకెక్కడో దూరంగా. మన రాళ్ళు ఆ బయటి హద్దు మీద ఉంటాయి. కోట దగ్గర తిరిగి రాళ్ళేం లేవని వచ్చేసేవాళ్ళు చేసే పొరపాటు ఇదే.

కాబట్టి ఊళ్ళో పెద్ద ఖాళీ కనిపిస్తే ఎందుకు ఖాళీగా ఉందని అడగండి. సౌత్‌సీ కామన్ అంత విశాలంగా ఎందుకు మిగిలింది? కాజిల్ ఫిరంగులకి చూపు అడ్డం రాకూడదని మిలిటరీ వాళ్ళు కట్టనివ్వలేదు, 1920ల్లో గానీ అది కౌన్సిల్ సొంతం కాలేదు. యూనివర్సిటీకి పోతూ మీరు రోజూ అడ్డం దాటే విక్టోరియా పార్కు 1878లో తెరిచారు, పాత ఊరి కోట కట్టల స్థలంలో. ఆ కట్టలు చాలావరకు పోయాయి, ఓల్డ్ పోర్ట్స్‌మత్‌లో సముద్రం వైపు కొన్ని మిగిలాయి. గోడలు పోయినా రాళ్ళు ఒక్కోచోట మిగిలిపోతాయి, వాటిని పీకాలని ఎవరికీ గుర్తుండదు కదా.

బయల్దేరే ముందు ఇంట్లో రెండు గంటలు

నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో పాత ఆర్డినెన్స్ సర్వే మ్యాపులు ఉచితంగా ఉన్నాయి, పేరు స్కాట్లాండ్ అయినా ఇంగ్లండ్ మ్యాపులూ పెట్టారు. మైలుకి 25 అంగుళాల మ్యాపులు తెరవండి, మన వైపు పొలం కొలతల పటాలు, అదే ఎఫ్ఎంబీ, టిప్పన్ చూసినవాళ్ళకి ఇవి చూస్తే ప్రాణం లేచొస్తుంది, గట్టు గట్టూ కనిపిస్తుంది. పాత మ్యాపునీ ఇప్పటి శాటిలైట్ ఫోటోనీ పక్కపక్కన పెట్టి చూసే సదుపాయం ఉంది, ఒకదాని మీద ఒకటి పరిచి పైదాన్ని పలచన చేసుకునే ఏర్పాటూ ఉంది. నాకు రెండోదే ఎక్కువ పనికొచ్చింది.

మ్యాపులో చిన్న చుక్క పక్కన బి.ఎస్. అని ఉంటే హద్దురాయి. బి.ఎం. అని ఉంటే ఇందాక చెప్పిన బెంచ్ మార్క్, దాన్ని వదిలేయండి. ఒకే స్థలానికి రెండు మూడు కాలాల మ్యాపులు ఉంటాయి, అన్నీ చూడండి, ఒక దాంట్లో వదిలేసిన రాయి ఇంకోదాంట్లో ఉండొచ్చు. కోట ఉండాల్సిన చోట ఒక్కోసారి తెల్లగా ఏమీ ఉండదు, మ్యాపు చెడిపోయిందనుకోకండి, జనానికి అమ్మే మ్యాపుల్లో మిలిటరీ వివరాలు కావాలనే తీసేసేవాళ్ళు. నిజానికి ఆ తెల్ల మచ్చే మీకు దారి చూపిస్తుంది.

చుక్కలన్నిటినీ మీ ఫోన్ మ్యాపులో గుర్తులుగా పెట్టుకోండి. పెట్టాక వాటిని వరసగా కలుపుతూ గీత గీయండి. హద్దు తిన్నగా పోయినంత దూరం రాళ్ళతో పెద్దగా పని లేదు, మలుపు తిరిగే చోట కచ్చితంగా కావాలి, కాబట్టి మూలల మీద దృష్టి పెట్టండి. పాత కొలతలు గొలుసుల్లో ఉంటాయి, ఒక గొలుసు 66 అడుగులు, 100 లింకులు. మన కరణాలూ సర్వేయర్లూ పట్టుకు తిరిగిన గొలుసూ అదే, ఆ ముక్క తెలిసిన రోజు మా తాతకి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

డిసెంబరు నుంచి మార్చి మధ్య వెళ్ళండి. చలే, కానీ ముళ్ళకంప, దురద ఆకు అణిగి ఉంటాయి, ఎండ పక్కనుంచి పడుతుంది కాబట్టి అక్షరాలు తేలతాయి. జూన్‌లో ఇదే చోటికి వెళ్తే నడుమెత్తు నెటిల్స్, ముట్టుకుంటే మన దురదగొండికి అక్క. వేసవిలో వెళ్ళక తప్పకపోతే నిండు ప్యాంటు వేసుకోండి, ఇంటికొచ్చాక కాళ్ళ మీద పిడుదులు పట్టాయేమో చూసుకోండి.

టేపు, నోట్‌బుక్, పెన్సిల్, టార్చ్, మెత్తటి పెయింట్ బ్రష్, ఇవి చాలు. హిల్సీ వైపు నీటి అంచున నడిచేట్టయితే ఆటుపోట్ల టైం ముందే చూసుకోండి, అక్కడి బురద బూటుని తీసుకుంటే తిరిగివ్వదు.

వరస పట్టడం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మొదట ఒక్క రాయి దొరకాలి, అది దొరికాక మీరు ఊరు వెతకరు, గీత మీద నడుస్తారు. నాకు ఒక వరసలో 3 దొరికింది, 5 దొరికింది, 4 లేదు. రెండింటి మధ్యా నిలబడి చూస్తే ఇళ్ళ పెరళ్ళు, ఒక సందు, పొదలు. మ్యాపు ప్రకారం మలుపు ఒక పెరట్లో పడుతోంది.

తలుపు కొట్టడానికి వారం పట్టింది నాకు, ఏమనుకుంటారో అని టెన్షన్. చివరికి పాత మ్యాపు ప్రింట్ తీసుకుని వెళ్ళి, మీ తోటలో పాత మిలిటరీ రాయి ఉండొచ్చనుకుంటున్నాను, చూడొచ్చా అని అడిగాను. ఎనభై దాటిన పెద్దాయన. రాయా, అవును, షెడ్డు వెనకాల ఒకటుంది, నా ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళ కుక్క సమాధి అనుకుంటున్నాం అన్నాడు. ఐవీ తీగ పక్కకి జరిపితే జానెడు పైకి తేలి ఉంది, తెల్లటి రాయి, ఒక మూల పగిలింది. బాణంలో సగం, డి పూర్తిగా, కింద 4లో అడ్డగీత. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూశాడు, లోపలికి కేకేశాడు, ఆవిడ వచ్చి చూసి, నలభై ఏళ్ళుగా క్రిస్మస్‌కి ఆ కుక్కకి పువ్వులు పెడుతున్నాను కదయ్యా అంది. టీ ఇచ్చారు, బిస్కెట్లూ ఇచ్చారు.

అందుకని చెప్తున్నాను, అడగండి. అడక్కుండా మాత్రం ఎవరి పెరట్లోకీ తొంగి చూడొద్దు. కాగితం మ్యాపు చేతిలో ఉంటే జనం నమ్ముతారు, ఫోన్ చూపిస్తే ఏదో అమ్మడానికి వచ్చాడనుకుంటారు.

చదవడం

అక్షరాలు అరిగిపోయి ఉంటే తుడవాలని చెయ్యి లాగుతుంది. ఇనప బ్రష్ వద్దు, కత్తి వద్దు, బ్లీచ్ వద్దు, సుద్దముక్కతో అక్షరాల మీద దిద్దడం కూడా వద్దు. కొన్ని రాళ్ళు లిస్టెడ్ కట్టడాలు, వాటిని పాడు చేస్తే నేరం, లిస్టులో లేకపోయినా రాయి రాయే. మెత్తటి బ్రష్‌తో మట్టి దులిపి, సాయంత్రం మసక పడ్డాక టార్చ్‌ని రాయి ముఖానికి ఆనించినంత పక్కగా పెట్టి వెలిగించండి. పగలు నున్నగా కనిపించిన రాయి మీద అప్పుడు గాట్లన్నీ నీడలతో లేస్తాయి. టార్చ్ ఒక వైపు నుంచి పెట్టి ఒక ఫోటో, ఇంకో వైపు నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, మూడు ఫోటోలు తీస్తే ఏదో ఒక దాంట్లో నంబరు చిక్కుతుంది. 3కీ 8కీ, 1కీ 7కీ తేడా తెలియకపోతే ఊహించి రాయకండి, రెండూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

అలాగే ముందు వైపు చూసి వచ్చేయకండి. వెనక, పక్కలు, పై ముఖం కూడా చెయ్యి పెట్టి తడమండి.

ఫోటోల దగ్గర జాగ్రత్త

ఇది సరదా విషయం కాదు. డాక్‌యార్డ్‌లో మ్యూజియం భాగం వేరు, పని చేస్తున్న నేవల్ బేస్ వేరు. గోస్‌పోర్ట్ వైపు మందుగుండు డిపో ఇప్పటికీ నడుస్తోంది, ఫోర్ట్ ఎల్సన్ దాని లోపల ఉంది, దాని మీద ఆశ వదులుకోండి. రక్షణ శాఖ వాడుతున్న భూములు 2023 నేషనల్ సెక్యూరిటీ యాక్ట్ కింద నిషిద్ధ స్థలాలు. ఒకసారి నేను ఒక కంచె మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని టార్చ్ వేసి రాయి ఫోటో తీస్తుంటే లోపల నుంచి ఒకతను వచ్చి ఏం చేస్తున్నావని అడిగాడు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి ఆ క్షణంలో ఏమేం గుర్తొస్తాయో మీకు చెప్పక్కర్లేదు. ఫోటోలు చూపించాను, మ్యాపు చూపించాను, తీసేయమంటే తీసేస్తానన్నాను, రాయిని ఒకసారి చూసి నవ్వి పంపించాడు. తర్వాత నుంచి నా నియమం ఒకటే: కంచె, కెమెరా, బోర్డు ఈ మూడిట్లో ఏది కనిపించినా ఫోన్ జేబులోకి. కంచె మీది రాయి నోట్‌బుక్‌లో ఒక వాక్యంగా ఉంటే చాలు. మీరు విశాఖలో నేవీ గోడల పక్క పెరిగినవాళ్ళైతే ఇది మీకు వేరే చెప్పాలా.

రాసిపెట్టడం

ప్రతి రాయికీ ఒక పేజీ. తేదీ, అక్షరాలు ఉన్నది ఉన్నట్టు, నంబరు, నేల పై నుంచి ఎత్తు, వెడల్పు, మందం, ఏ దిక్కుకి చూస్తోంది, రాయి రకం తెలిస్తే రకం, తెలియకపోతే రంగు. చోటు చెప్పడానికి బ్రిటిష్ గ్రిడ్ నంబరు వాడండి, ఇక్కడివాళ్ళు అడిగేది అదే. అక్షరాల తర్వాత 6 అంకెలు ఉంటే 100 మీటర్ల చదరం, 8 ఉంటే 10 మీటర్లు, రాయికి కనీసం 8 కావాలి. చెట్ల కింద ఫోన్ తప్పు చెప్తుంది కాబట్టి పక్కనున్న గోడ మూల నుంచో లైటు స్తంభం నుంచో టేపుతో కొలిచి అది కూడా రాయండి, రేపు రాయిని ఎవరైనా పక్కకి జరిపితే తెలిసేది దాంతోనే.

రాసుకున్నది మీ దగ్గరే ఉంచుకుంటే ఏం లాభం. ప్రతి ప్రాంతానికీ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డ్ అని పాత కట్టడాల పట్టిక ఒకటి ఉంటుంది, కౌన్సిల్ ద్వారా దానికి పంపొచ్చు. రాయి ఇప్పటికే లిస్టెడ్ అయిందేమో హిస్టారిక్ ఇంగ్లండ్ జాబితాలో వెతకండి. జియోగ్రాఫ్ అనే సైట్‌లో గ్రిడ్ చదరాల వారీగా ఫోటోలు ఉంటాయి, అక్కడ మీదీ చేర్చొచ్చు. ఎవరి పెరట్లోనైనా ఉన్నదైతే మాత్రం వాళ్ళని అడక్కుండా కచ్చితమైన చోటు పెట్టకండి. ఇంకా లోతుకి వెళ్ళాలనిపిస్తే పోర్ట్స్‌మత్ సెంట్రల్ లైబ్రరీలోని హిస్టరీ సెంటర్, అదీ చాలకపోతే లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్. అక్కడ వార్ ఆఫీస్ మ్యాపులు డబ్ల్యూఓ 78 అనే వరసలో ఉంటాయి, రీడర్ కార్డు ఉచితం.

మొదటిసారి ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరైతే ఒకరు టార్చ్ పట్టుకుంటే ఒకరు ఫోటో తీయొచ్చు, పైగా ఒంటరిగా పొదల్లో టార్చ్ వేసుకుని తిరిగేవాణ్ణి ఎవరైనా అనుమానిస్తారు. గోస్‌పోర్ట్‌కి రైలు లేదు, హార్బర్ స్టేషన్ పక్కన ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో అవతలి ఒడ్డు.

నా నోట్‌బుక్‌లో ఆ వరసలో 3, 4, 5, 7 ఉన్నాయి. 6కి పేజీ తీసి పెట్టుకుని పద్నాలుగు నెలలైంది, పాత మ్యాపు ప్రకారం అది ఇప్పుడు బస్ స్టాప్ ఉన్న చోట ఉండాలి, బస్ కోసం నిలబడ్డ ప్రతిసారీ కాలి కిందే చూస్తుంటాను.